చార్లెస్ బుర్ర, రే రంగు: ఒక సోమరి పంపకం

ఇరవయ్యో శతాబ్దపు డిజైన్ గురించి మాటొస్తే ఈమ్స్ దంపతుల పేరు రాక మానదు. పేరు వచ్చిన మరుక్షణం ఒక పంపకం కూడా జరిగిపోతుంది. చార్లెస్ ఈమ్స్ మేధావి, యంత్రం తెలిసినవాడు, కుర్చీ కనిపెట్టినవాడు. రే ఆయన భార్య. రంగులు ఎంచింది, గుడ్డలు చూసింది, ఇల్లు అందంగా సర్దింది, ఆయనకు చేదోడు వాదోడుగా నిలిచింది. తరగతి గదుల్లో, ఫర్నిచర్ ప్రకటనల్లో, ఆదివారం అనుబంధాల్లో ఈ మాట ఎన్నిసార్లు తిరిగిందంటే, ఇప్పుడు దానికి రుజువు అడిగేవాళ్లే లేరు.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. కుర్చీలకు సంబంధించిన ముఖ్యమైన పేటెంట్లు చార్లెస్ పేరున ఉన్నాయి. 1946లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఫర్నిచర్‌ను ప్రదర్శనకు పెట్టినప్పుడు ‘చార్లెస్ ఈమ్స్ రూపొందించిన కొత్త ఫర్నిచర్’ అనే ప్రకటించింది. ఆ కుర్చీలను అమ్మిన హెర్మన్ మిల్లర్ కంపెనీ ప్రకటనల్లోనూ చాలా కాలం ఆ ఒక్క పేరే. 1970-71లో హార్వర్డ్‌లో నార్టన్ ఉపన్యాసాలు ఇచ్చింది చార్లెస్. వేదికల మీద మాట్లాడింది చార్లెస్. ఈమ్స్ ఆఫీసులో పనిచేసిన కొందరు కూడా, కుర్చీల సాంకేతిక పనిలో రే పాత్ర తక్కువని చెప్పారు. 1978లో చార్లెస్ పోయాక రే పదేళ్లు బతికినా ఆ స్థాయి కొత్త పనులు బయటికి రాలేదు. ఇన్ని ఆధారాలుండగా ఇద్దరికీ సమాన వాటా ఇవ్వడం నేటి మర్యాద కోసం చరిత్రను సవరించడమే అవుతుందని వాళ్ల అభ్యంతరం.

దీనికి మెత్తని రూపం ఇంకొకటి ఉంది. ఆయన నిర్మాణం, ఆమె సౌందర్యం, రెండూ కలిస్తే పరిపూర్ణత. వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ పంపకం మాత్రం అదే. 2011లో వీళ్ల మీద వచ్చిన డాక్యుమెంటరీ కూడా ‘ది ఆర్కిటెక్ట్ అండ్ ది పెయింటర్’ అని పేరులోనే ఇద్దరి మధ్యా గోడ కట్టింది. ఈ రెండు రూపాలూ తప్పే. ఎందుకో వరసగా చూద్దాం.

1. పెళ్లినాటికి ఎవరి చేతిలో ఏముంది?

ఈ వాదానికి పునాది ఒక ఊహ: చార్లెస్ అప్పటికే తయారైన డిజైనర్, రే వచ్చి చేరింది. ఇది తేదీల ముందు నిలవదు.

చార్లెస్ 1907లో సెయింట్ లూయిస్‌లో పుట్టారు. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్‌లో చేరి డిగ్రీ పూర్తికాకుండానే బయటికొచ్చారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇళ్లు, చర్చీలు కట్టారు. 1938లో ఆర్కిటెక్ట్ ఎలియెల్ సారినెన్ పిలుపు మీద మిషిగన్‌లోని క్రాన్‌బ్రూక్ అకాడమీకి వెళ్లారు. రే 1912లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టారు. న్యూయార్క్‌లో హాన్స్ హాఫ్‌మన్ దగ్గర ఏళ్ల తరబడి చిత్రకళ నేర్చుకున్నారు. ‘అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ ఆర్టిస్ట్స్’ సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఆమె ఒకరు. 1940లో ఆమె క్రాన్‌బ్రూక్‌లో అడుగుపెట్టేనాటికి, తన రంగంలో ఏది కొత్తదో ఏది పాతదో తెలిసిన కళాకారిణి. కుర్చీల విషయంలో ఆయనా అప్పుడప్పుడే మొదలుపెట్టినవారే.

ఆ ఏడాది చార్లెస్, ఎలియెల్ కొడుకు ఈరో సారినెన్ కలిసి మోడర్న్ ఆర్ట్ మ్యూజియం పోటీకి కుర్చీలు గీశారు. ఆ నమూనాల పనిలో రే కూడా చెయ్యి వేశారు. బహుమతి వచ్చింది. కానీ ఆ కుర్చీని ఫ్యాక్టరీలో చేయడం ఎవరివల్లా కాలేదు. ప్లైవుడ్‌ను ఒకేసారి రెండు దిక్కులకు వంచితే చీలిపోతుంది. ఆ చీలికలు కనబడకుండా మెత్త వేసి గుడ్డ కప్పాల్సి వచ్చింది. అంటే చౌకగా, లక్షల్లో చేయాలన్న అసలు లక్ష్యమే నెరవేరలేదు. ఇద్దరు మగవాళ్ల పేరున గెలిచిన ఆ కుర్చీ కాగితం మీద కుర్చీగానే మిగిలింది.

1941 జూన్‌లో పెళ్లయ్యాక ఇద్దరూ లాస్ ఏంజెలెస్ వెళ్లి, ఆర్కిటెక్ట్ రిచర్డ్ నోయ్‌ట్రా కట్టిన అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టారు. ఆ వాటాలోనే ఒక యంత్రం కట్టారు. దానికి ‘కజామ్’ అని పేరు పెట్టుకున్నారు. ప్లాస్టర్ అచ్చు, దానిలో కరెంటు తీగలు, పైన రబ్బరు తిత్తి. జిగురు రాసిన పల్చటి చెక్క పొరలను అచ్చులో ఒకదాని మీద ఒకటి పరిచి, మూత బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టి తిత్తిని ఉబ్బించాలి. ఆ ఒత్తిడికి పొరలు అచ్చుకు అతుక్కుంటాయి. వేడికి జిగురు ఆరేదాకా గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. చార్లెస్ అప్పుడు ఎంజీఎం స్టూడియోలో సెట్ల విభాగంలో ఉద్యోగి. పొద్దున వెళితే సాయంత్రం వచ్చేవారు. యంత్రం ఇంట్లో ఉంది, ఉద్యోగం బయట ఉంది. ‘ఆయన కనిపెట్టాడు, ఆమె రంగు వేసింది’ అనేవాళ్లు ఈ చిన్న ఇంటి లెక్క ఎన్నడైనా వేశారా?

అక్కడి నుంచి 1942లో అమెరికా నౌకాదళం కోసం కాలు విరిగినవాళ్లకు కట్టే ప్లైవుడ్ బద్ద వచ్చింది. సుమారు లక్షన్నర తయారయ్యాయి. ఆ బద్దలో అక్కడక్కడా కోతలుంటాయి. కట్టు గుడ్డ దూర్చడానికి అవి పనికొస్తాయి. వంపు దగ్గర చెక్క చీలకుండా ఒత్తిడిని వదిలేదీ అవే. చూపుకు ఒక శిల్పంలా కనబడటానికి కారణమూ అవే. ఇందులో ఏ కోత సాంకేతికం, ఏ కోత సౌందర్యం? 1943లో రే చెక్కిన ప్లైవుడ్ శిల్పాల్లో ఇదే భాష ఉంది: కోసి, వంచి, ఖాళీని కూడా ఆకారంలో కలుపుకోవడం. 1945 నాటికి కుర్చీ చిక్కు విడిపోయింది. అంతా ఒకే పెంకుగా ఉండాలన్న పంతం వదిలి, సీటు వేరు, వీపు వేరు చేసి, మధ్య రబ్బరు దిమ్మలతో కలిపారు. యంత్రం బలం పెంచితే తెగిన ముడి కాదిది. ఆకారాన్ని కొత్తగా చూస్తే తెగింది. 1999లో టైమ్ పత్రిక శతాబ్దపు అత్యుత్తమ డిజైన్‌గా ఎంచిన కుర్చీ ఇదే. ఈ మలుపులో ఏళ్ల తరబడి ఆకారం మీదే పనిచేసిన కంటికి వాటా లేదనడానికి ఒక్క ఆధారమూ లేదు.

2. సంతకాన్ని సాక్ష్యంగా తెస్తే

పేటెంట్ ఆయన పేరున ఉంది, ప్రదర్శన ఆయన పేరున జరిగింది కాబట్టి పని ఆయనదే అంటారు. ఇది చుట్టు తిరిగి మొదటికొచ్చే తర్కం. పేరు ఎవరిది వేశారన్నది, ఆ రోజుల్లో పేరు వేసుకునే హక్కు ఎవరికుందో చెబుతుంది. పని ఎవరు చేశారో చెప్పదు.

నమ్మకం కలగకపోతే ఆ 1946 ప్రదర్శననే తీసుకోండి. శీర్షికలో లేనిది రే పేరొక్కటే కాదు. ఆ కుర్చీల తయారీలో కలిసి పనిచేసిన హారీ బెర్టోయా, హెర్బర్ట్ మాటర్, గ్రెగరీ ఐన్ పేర్లూ లేవు. దాంతో బృందంలో మనస్పర్థలు వచ్చాయి, బెర్టోయా వెళ్లిపోయారు. కొన్నేళ్లకే, 1952లో, నోల్ కంపెనీ కోసం ఆయన అల్లిన ఇనుప తీగల కుర్చీలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. శీర్షికే సాక్ష్యమైతే బెర్టోయా ఈమ్స్ ఆఫీసులో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారని ఒప్పుకోవాలి. అంత మాట ఎవరూ అనరు. శీర్షిక అబద్ధం చెప్పిందని బెర్టోయా విషయంలో ఇట్టే ఒప్పుకుని, రే విషయంలో మాత్రం అదే శీర్షికను శాసనంలా చూపించడం ఏ న్యాయం?

1956లో లాంజ్ చెయిర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఎన్‌బీసీ టీవీలో ఆర్లీన్ ఫ్రాన్సిస్ ఈ దంపతులను పరిచయం చేశారు. రేను పిలిచిన తీరు, విజయం సాధించిన మగవాడి వెనక ఉండే సమర్థురాలైన ఇల్లాలిని పిలిచినట్టే. రే ఇబ్బందిగా నవ్వుతారు, క్లుప్తంగా జవాబిస్తారు. కొత్త కుర్చీని చూపించే ఘట్టం వచ్చేసరికి ఆమె తెర మీద లేరు. ఆ వీడియో చూసి ‘చూశారా, ఆమెకు చెప్పడానికేమీ లేదు’ అనేవాళ్లున్నారు. అడిగిన ప్రశ్నలోనే ఆమెను వంటింటి గడపకు అవతల నిలబెట్టాక, ఆమె గొంతు వినబడలేదని తీర్పు చెప్పడం మోసం.

అదే కాలంలో వేరే లెక్క కూడా నడిచింది. 1960లో కాఫ్‌మన్ అంతర్జాతీయ డిజైన్ పురస్కారాన్ని ఇద్దరికీ ఇచ్చారు. 1979 నాటి బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ గోల్డ్ మెడల్ చార్లెస్, రేల ఆఫీసుకు వచ్చింది. పని దగ్గరగా చూసినవాళ్లు రెండు పేర్లూ రాశారు. సరుకు అమ్మేవాళ్లు ఒక్క పేరు రాశారు. చరిత్రకు మనం ఎవరి మాట తీసుకోవాలి?

3. రంగు పైపూత అనుకుంటే

‘ఆయన నిర్మాణం, ఆమె రంగు’ అనేవాళ్ల మనసులో ఒక నమ్మకం ఉంది: నిర్మాణం అసలు, రంగు కొసరు. వీళ్ల ఇంటి ముందు నిలబడితే ఆ నమ్మకం ఒక్క నిమిషం కూడా నిలవదు.

లాస్ ఏంజెలెస్‌లోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో 1949లో పూర్తయిన ఆ ఇల్లు ‘కేస్ స్టడీ హౌస్ నంబర్ 8’. ‘ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్’ పత్రిక చేపట్టిన నమూనా ఇళ్ల కార్యక్రమంలో భాగం. ఆ పత్రికకు 1942 నుంచి ఇరవైకి పైగా ముఖచిత్రాలు వేసింది రేనే. మొదటి ప్లాన్ 1945లో చార్లెస్, ఈరో సారినెన్ గీశారు. కొండవాలు నుంచి గడ్డి మైదానం మీదికి వంతెనలా చొచ్చుకొచ్చే ఇల్లు అది. యుద్ధానంతర కొరతలో ఉక్కు రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా దంపతులిద్దరూ ఆ మైదానంలో గడిపి గడిపి, ఇల్లు కడితే ఆ మైదానమే పోతుందని గ్రహించారు. ప్లాన్ మార్చేశారు. వచ్చిన ఉక్కునే వాడుకుని, ఇంటిని కొండను ఆనించి, యూకలిప్టస్ చెట్ల వరస వెనక్కి జరిపారు. ఉక్కు చట్రం ఒకటిన్నర రోజులో లేచింది.

ఆ చట్రమంతా ఫ్యాక్టరీ కేటలాగుల్లో దొరికే సరుకు. గోదాములకు, వర్క్‌షాపులకు వాడే దూలాలు, కిటికీలు. మరి ఆ ఇల్లు గోదాములా ఎందుకు లేదు? ఏ గడిలో పారదర్శకమైన అద్దం, ఏ గడిలో మసక అద్దం, ఎక్కడ నీలం, ఎక్కడ ఎరుపు, ఎక్కడ నలుపు, గుమ్మం పైన బంగారు రేకు ఎంత మేర: ఈ నిర్ణయాల వల్ల. పొద్దు తిరిగేకొద్దీ చెట్ల నీడ ఏ పలక మీద పడాలో, లోపల కూర్చున్నవాళ్లకు మైదానం ఎంత కనబడాలో తేలింది ఈ గడుల అమరికలోనే. రంగును ఊడబెరికితే నిర్మాణం మిగులుతుందని వీళ్లనుకుంటారు. మిగిలేది షెడ్డు. ఏ డిజైన్ చరిత్ర పుస్తకమూ ఆ షెడ్డు కోసం ఒక్క పేజీ కేటాయించి ఉండేది కాదు.

సినిమాల సంగతి చూడండి. ఇద్దరూ కలిసి వందకు పైగా చిన్న చిత్రాలు తీశారు. 1959లో మాస్కోలో అమెరికా ప్రదర్శన కోసం ‘గ్లింప్సెస్ ఆఫ్ ది యూఎస్ఏ’ చేశారు. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ రూపొందించిన గోపురం కింద ఏడు తెరలు, 2,200కు పైగా బొమ్మలు, పన్నెండు నిమిషాలు. ఒకేసారి ఏడు బొమ్మలు పడుతున్నప్పుడు ఏది దేని పక్కన ఉండాలన్నదే ఆ పని మొత్తం. దీన్ని నిర్మాణమంటారా, అలంకారమంటారా? ఆ చిత్రం ఫర్‌గెట్-మీ-నాట్ పూలతో ముగుస్తుంది. సూచించింది రే. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో, శత్రుదేశపు రాజధానిలో, తన దేశం గొప్ప చెప్పుకునే చిత్రాన్ని యంత్రంతోనో ఆయుధంతోనో ముగించకుండా పిడికెడు పూలతో ముగించడం సర్దుడు పని అనిపిస్తే, మనకు సినిమా గురించి తెలిసింది చాలా తక్కువ.

4. సిబ్బంది సాక్ష్యం ఎటు తిరుగుతుంది?

అవతలి పక్షం చేతిలో ఉన్న గట్టి ఆధారం ఇది. ఈమ్స్ ఆఫీసులో పనిచేసిన మర్లిన్ న్యూహార్ట్ 2010లో ఈమ్స్ ఫర్నిచర్ చరిత్రను రెండు సంపుటాలుగా ప్రచురించారు. కుర్చీల వెనక డాన్ ఆల్బిన్సన్ వంటి సిబ్బంది పడిన శ్రమ ఆ పుస్తకం వల్ల వెలుగులోకి వచ్చింది. అచ్చులు చేసింది, కీళ్లు కుదిర్చింది, ఫైబర్‌గ్లాస్‌తో కుస్తీ పట్టింది ఫలానావాళ్లు అని పేరు పేరునా తెలిసింది. ఇది జరగాల్సిన న్యాయమే.

కానీ ఈ సాక్ష్యాన్ని రే మీదికి మాత్రమే తిప్పడం ఏం పద్ధతి? సొంత చేత్తో చేసినవాళ్లదే డిజైన్ అనే కొలత పెట్టుకుంటే, ఆ కొలతకు చార్లెస్ కూడా తక్కువే తూగుతారు. యాభయ్యో దశకం వచ్చేసరికి వెనిస్‌లోని 901 వాషింగ్టన్ బులవర్డ్ ఆఫీసులో అచ్చు పోసి, కీలు బిగించి, విరగ్గొట్టి, మళ్లీ చేసినవాళ్లు ఎక్కువగా సిబ్బందే. అలా కాదు, ఏది ఉంచాలో ఏది పారేయాలో నిర్ణయించినవాళ్లదే డిజైన్ అనే కొలత పెట్టుకుంటే, ఆ నిర్ణయాల గదిలో రే ప్రతిరోజూ ఉన్నారు. మొదటి కొలతలో ఇద్దరూ పోతారు, రెండో కొలతలో ఇద్దరూ ఉంటారు. చార్లెస్‌కు నిర్ణయం కొలత, రేకి చేతిపని కొలత వాడితేనే ‘ఆయన మేధ, ఆమె సాయం’ అనే ఫలితం వస్తుంది. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే.

చార్లెస్ ఈ వెన్న అడగలేదన్నది గుర్తుంచుకోవాలి. తను చేయగలిగిన ఏ పనినైనా రే తనకంటే బాగా చేయగలదని ఆయన అనేవారన్న మాట ప్రసిద్ధం. దాన్ని భార్య మీద ప్రేమతో అన్న మాటగా నవ్వి వదిలేస్తారు. అదే మనిషి ప్లైవుడ్ గురించి చెప్పిన ప్రతి ముక్కా ప్రమాణమట, భార్య పని గురించి చెప్పింది మాత్రం ముచ్చటట!

5. చెంబు ముందు ఈ పంపకం నిలవదు

మన దేశంలో ఈ పొరపాటు ఇంకాస్త మొరటుగా వినిపిస్తుంది. ‘చార్లెస్ ఈమ్స్ ఇండియా వచ్చి చెంబును చూసి ముగ్ధుడై రిపోర్టు రాశాడు’ అని చెబుతారు. వచ్చింది ఇద్దరు. భారత ప్రభుత్వం పిలుపు మీద, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో దేశం తిరిగింది ఇద్దరు. 1958 ఏప్రిల్ నాటి ‘ఇండియా రిపోర్ట్’ మీద ఉన్నది ఇద్దరి పేర్లు. ఆ నివేదిక ప్రేరణగా 1961లో అహ్మదాబాద్‌లో గౌతమ్ సారాభాయ్, గిరా సారాభాయ్‌ల సారథ్యంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. నెహ్రూ మరణానంతరం ఆయన జీవితం మీద ఈ దంపతులు చేసిన ప్రదర్శన కూడా ఆ సంస్థతో కలిసి అహ్మదాబాద్‌లో రూపుదిద్దుకుని, 1965 జనవరిలో న్యూయార్క్‌లో తెరుచుకుంది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో సంస్థ నడుస్తోంది. తెలుగు పిల్లలు డిజైన్ చదువుతున్న ఆ చెట్టుకు విత్తనం వేసినవాళ్లలో సగాన్ని మనం చెరిపేసి చెప్పుకుంటున్నాం.

ఆ నివేదికలో చెంబు గురించిన భాగాన్ని పంపకందారులు ఒక్కసారి శ్రద్ధగా చదవాలి. చెంబును ఒక మనిషి కూర్చుని గీయలేదు, తరాల తరబడి వాడినవాళ్ల చేతుల్లో అది అలా తేలిందన్నది దాని సారం. ఇప్పుడు కొత్తగా చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసపెడతారు. ఎంత నీళ్లు పట్టాలి. నెత్తిన మోస్తారా, చంకన పెట్టుకుంటారా, చేత్తో పట్టుకుంటారా. నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది. వంచితే ధార ఎలా పడుతుంది. లోపల చెయ్యి పెట్టి తోమడానికి మూతి చాలుతుందా. వేలికి ఎలా తగులుతుంది, కంటికి ఎలా కనబడుతుంది, తగిలితే ఎలా మోగుతుంది. ఖరీదెంత, పాతబడ్డాక లోహానికి ఎంత వస్తుంది.

ఈ జాబితాలో గీత ఎక్కడ గీస్తారో చెప్పండి. ధార పడే తీరు చార్లెస్‌ది, మోత రేదీనా? బరువు ఆయనది, స్పర్శ ఆమెదీనా? వస్తువును అలా చీల్చి చూడకూడదన్నదే ఆ పేజీ సారాంశం. అది రాసిన ఇద్దరినే మనం చీల్చి చూస్తున్నాం. చెంబు పాఠాన్ని పొగుడుతూనే చెంబు పాఠానికి ఎదురు నడుస్తున్నాం.

6. 1978 తర్వాత ఏం జరిగిందంటే

చార్లెస్ 1978 ఆగస్టు 21న పోయారు. రే సరిగ్గా పదేళ్లకు, 1988 ఆగస్టు 21న పోయారు. ‘ఆ పదేళ్లలో ఆమె ఏం చేసింది?’ అన్నది అవతలివాళ్ల ఆఖరి ప్రశ్న.

మొదటి జవాబు: చాలా చేశారు. సగంలో ఉన్న పనులు పూర్తి చేశారు. 1984లో హెర్మన్ మిల్లర్ విడుదల చేసిన ఈమ్స్ సోఫా వాటిలో ఒకటి. నాలుగు దశాబ్దాల ఆఫీసు సరంజామాను వర్గీకరించారు. ఉత్తరాలు, నమూనాలు, ఫొటోలు కలిపి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరిన ఆ సంపద సుమారు పది లక్షల అంశాలు. మొత్తం పనిని ఏడాది వారీగా నమోదు చేసిన గ్రంథాన్ని న్యూహార్ట్ దంపతులతో కలిసి సిద్ధం చేశారు. అది ఆమె పోయాక 1989లో వెలువడింది. ఈరోజు చార్లెస్ మేధ గురించి ఎవరు ఏ పుస్తకం రాసినా రే సర్ది పెట్టిన పెట్టెలు తెరవక తప్పదు.

రెండో జవాబు ఇంతకంటే ముఖ్యం. ఆ ప్రశ్ననే అటు తిప్పి అడగండి. 1941 తర్వాత, రే లేకుండా, చార్లెస్ ఒక్కరే చేసిన గొప్ప పని ఒకటి చూపించండి. కుర్చీలు, ఇల్లు, ఐబీఎం కోసం చేసిన ‘మ్యాథమెటికా’ ప్రదర్శన, 1977 నాటి ‘పవర్స్ ఆఫ్ టెన్’, వీటిలో రే పక్కన లేనిది ఏది? లేదు. ఒకరు పోయాక ఆ ధార ఆగిపోయిందంటే, అది ఇద్దరు కలిస్తేనే పారే ధార అని అర్థం. జోడెడ్ల బండికి ఒక ఎద్దు పోయి బండి ఆగితే, బతికున్న ఎద్దు ఇన్నాళ్లూ ఊరికే నడిచిందని ఏ రైతూ అనడు.

7. పంపకాన్ని తలకిందులు చేసినా తప్పే

ఈ మధ్య ఇంకో పాట మొదలైంది. అసలు మేధ రేదే, చార్లెస్ పేరు కొట్టేశాడు అని. దీన్ని మెచ్చుకోలేను. చార్లెస్‌కు పదార్థం మీదున్న పట్టు, వందల అచ్చులు విరిగినా వదలని మొండితనం, పెద్ద కంపెనీలతో, ప్రభుత్వాలతో మాట్లాడి తనకు కావలసిన స్వేచ్ఛతో పని తెచ్చుకునే నేర్పు నిజం. వాటిని కాదంటే ఈ వాదం కూడా పాతదాని లాగే సోమరిదవుతుంది. ఒకే సింహాసనం ఉందని ఒప్పుకుని, దాని మీద మనిషిని మార్చడమే అది చేస్తుంది.

అలాగే ‘ఆదర్శ దంపతులు’ అనే తియ్యటి కథ కూడా మనకు అక్కర్లేదు. వాళ్ల దాంపత్యంలో గాయాలున్నాయని వాళ్లను ఎరిగినవాళ్లు బాహాటంగానే చెప్పారు. ఉంటే ఉండనివ్వండి. రేకి దక్కాల్సిన పేరు ఆమె ఓర్పుకు బహుమానం కాదు. పనికి ప్రతిఫలం. కాపురం చెడిపోయి ఉన్నా ఆ కుర్చీలో ఆమె వాటా ఒక్క అంగుళం తగ్గేది కాదు.

8. ఇప్పుడెందుకీ గొడవ?

పోయినవాళ్ల పేర్లతో పేచీ ఎందుకనేవాళ్లకు నా జవాబు: ఈ అలవాటు వాళ్లతో పోలేదు. 1991లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని రాబర్ట్ వెంచూరికి ఒక్కరికే ఇచ్చారు. ఆయన భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్ అప్పటికి దశాబ్దాలుగా ఆ పనిలో సమ భాగస్వామి. ఆఫీసులో భార్యాభర్తలు కలిసి పనిచేస్తే పేరు ఎటు పోతుందో ఆమె 1989లోనే వ్యాసం రాసి హెచ్చరించారు. 2013లో వేలమంది సంతకాలు చేసి సరిదిద్దమని అడిగినా బహుమతి సంస్థ కాదంది. ‘ఆయన బుర్ర, ఆమె సాయం’ అన్న సూత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నంతకాలం న్యాయనిర్ణేతల గదిలోనూ ఉంటుంది.

మన పోచంపల్లి మగ్గాల ఇళ్లలోనూ మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. ఇక్కత్ చీరకు నూలు అమర్చే ఆసు పనిలో భుజాలు అరిగిపోయింది ఆడవాళ్లకు. చింతకింది మల్లేశం తన తల్లి అవస్థ చూసి ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్నాకే ఆ శ్రమ ఊరి బయట చాలామందికి తెలిసింది. చీర ధర నిర్ణయించేటప్పుడు లెక్కలోకి రాని చేతులు అవార్డుల పట్టికలోకి ఎలా వస్తాయి? పేరు చెరిపేయడంతో మొదలయ్యే అన్యాయం కూలి ఎగ్గొట్టడం దగ్గర తేలుతుంది.

అందుకని ఇకనుంచి నియమం సూటిగా ఉండాలి. 1941 తర్వాత వచ్చిన ప్రతి పనికీ ‘చార్లెస్, రే ఈమ్స్’ అని రాయాలి. బెర్టోయా, ఆల్బిన్సన్ వంటివాళ్ల వాటా తెలిసిన చోట వాళ్ల పేర్లూ చేర్చాలి. రేకి వాటా లేదని ఎవరైనా అంటే, రుజువు తెచ్చే బాధ్యత అన్నవాళ్లదే. ఇన్నాళ్లూ ఆమె తరపు వాళ్లే రుజువులు మోసుకు తిరిగారు, ఇక చాలు. పాఠం చెప్పే మాస్టారు, కుర్చీ అమ్మే కంపెనీ, వ్యాసం రాసే విలేకరి, ఎవరైనా సరే, ఒక్క పేరు రాస్తే అది పొరపాటుగా కాకుండా తప్పుగా దిద్దాలి. తప్పు రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించినట్టే.